రిమాండులో ఉన్న మనిషికి లిథియం గొడవ: మళ్లీ బెయిల్ వేయాలా, వైద్యం కోసం వేయాలా?

బనశంకరి_పీఎల్వీ

నమస్తే అండి. బెంగళూరు కోర్టుల్లో ఖైదీల వైద్యం గురించి పిటిషన్లు వేసిన వకీళ్లు, సైకియాట్రీ వార్డుల్లో పనిచేసేవాళ్లు ఇక్కడ ఉన్నారని అడుగుతున్నా.

మనిషికి 34 ఏళ్లు. ఊరు అనంతపురం వైపు, ఇక్కడ సెంట్రింగ్ పని. ఇంట్లో దొంగతనం కేసు, నాలుగు నెలలుగా లోపల ఉన్నాడు. ఛార్జిషీటు పడింది, ఇంతకుముందు కేసులేమీ లేవు. ఆరేళ్లుగా బైపోలార్ జబ్బుకి మందులు వాడుతున్నాడు: లిథియం 300 మాత్రలు రోజుకు మూడు, రాత్రికి ఒలాంజపిన్ 10. సర్కారు ఆస్పత్రి చీటీలన్నీ భార్య దగ్గర ఉన్నాయి.

అరెస్టయ్యాక మూడు వారాలు ఒక్క మాత్రా పడలేదు. తర్వాత ఏవో ఇస్తున్నారు. లిథియమే మళ్లీ మొదలుపెట్టారని అనుకుంటున్నాం, కాగితం ఏదీ లేదు. నడుం నొప్పికి కూడా మాత్రలిస్తున్నారట. గత రెండు ములాఖత్‌లలో చేతులు బాగా వణుకుతున్నాయని, విరేచనాలని, నడిస్తే తూలుతున్నాడని భార్య చెబుతోంది. బెయిల్ ఒకసారి కొట్టేశారు. అప్పుడు జైలు పంపిన రిపోర్టు మొత్తం ఒక్కటే లైను: 'ఖైదీ ఆరోగ్యం నిలకడగా ఉంది, చికిత్స అందుతోంది.'

జైలు పేరు కావాలనే రాయడం లేదు. రెండో బెయిల్ వేయాలా, హైకోర్టుకి వెళ్లాలా, ఇంకేదైనా దారి ఉందా?


సివిల్‌కోర్టు_రెండో_అంతస్తు

రెండో బెయిల్ ఇప్పుడే వద్దు. మొదటిది ఏ కాగితం మీద పోయిందో రెండోదీ దాని మీదే పోతుంది. జబ్బుపడ్డవాడికి, బలహీనుడికి బెయిల్ ఇవ్వొచ్చని కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్ 480లో (పాత సీఆర్‌పీసీ 437) ఉన్న మాట నిజమే. కానీ జడ్జి చూసేది జబ్బు ఉందా లేదా అని కాదు, ఆ జబ్బుకి లోపల వైద్యం కుదురుతుందా లేదా అని. దానికి జైలు ఒక్క లైనులో 'కుదురుతోంది' అని చెప్పేసి కూర్చుంది. ఆ లైను లోపల ఏముందో బయటికి లాగడమే ఇప్పుడు మీ పని.

రిమాండు పొడిగిస్తున్న కోర్టులోనే వైద్యం కోసం విడిగా అప్లికేషన్ వేయండి. మనిషి ఆ కోర్టు కస్టడీలో ఉన్నట్టు లెక్క, కాబట్టి రిపోర్టు తెప్పించడానికీ ఆస్పత్రికి పంపమనడానికీ దానికి అధికారం ఉంది. ఎక్కువమంది దెబ్బతినేది ప్రేయర్ (కోర్టుని ఏం కోరుతున్నామో రాసే భాగం) దగ్గర. 'తగిన వైద్యం అందించేలా ఆదేశించ ప్రార్థన' అని రాస్తారు. జైలు తరఫున 'అందిస్తున్నాం' అంటారు, కోర్టు అది నమోదు చేసుకుని ముగించేస్తుంది. అలా కాకుండా జవాబు తప్పించుకోలేని ప్రశ్నలు పెట్టండి. నేనైతే ఇలా రాస్తాను:

'జైలులో చేర్చుకున్న రోజు జరిపిన ఆరోగ్య పరీక్ష నకలు. ఆనాటి నుంచి నేటి వరకు ఇచ్చిన మందుల పేర్లు, మోతాదు, తేదీలు. సైకియాట్రిస్టు ఖైదీని చూసిన తేదీలు. రక్తంలో లిథియం స్థాయి పరీక్ష చేసిన తేదీ, ఫలితం. బయటి ఆస్పత్రికి రెఫర్ చేసిన తేదీలు, ఎస్కార్ట్ కోరుతూ రాసిన లేఖల నకళ్లు, వెళ్లకపోతే కారణం. వీటన్నిటితో ఏడు రోజుల్లో జైలు వైద్యాధికారి సంతకంతో రిపోర్టు దాఖలు చేయాలి. ఈలోగా నిమ్హాన్స్‌లో గానీ, సైకియాట్రీ విభాగం ఉన్న మరో ప్రభుత్వ ఆస్పత్రిలో గానీ 48 గంటల్లో పరీక్ష చేయించి, ఆ ఆస్పత్రి రాసిన చీటీని యథాతథంగా అమలు చేయాలి.'

'సైకియాట్రిస్టు చూసిన తేదీలు' అన్న ఒక్క ముక్కకే చాలా రిపోర్టులు తేలిపోతాయి.

ఆర్డరు వచ్చాక ఆగిపోయేది ఎస్కార్ట్ దగ్గర. ఓపీ తేదీ ఉంటుంది, జైలు లేఖ రాస్తుంది, ఆ రోజు పోలీసులు వేరే బందోబస్తులో ఉంటారు, తేదీ పోతుంది. తర్వాతి తేదీ మూడు వారాలకి. తప్పు ఎవరిదీ కాదన్నట్టు ఉంటుంది వ్యవహారం. అందుకే ఎస్కార్ట్ ఇచ్చే సాయుధ రిజర్వు అధికారికి కూడా ఆదేశం వెళ్లాలని ప్రేయర్‌లో రాసి, ఆర్డరు సర్టిఫైడ్ కాపీ రెండు చోట్లా ఇచ్చి సీలు వేయించుకోండి.

బీఎన్ఎస్ఎస్ 479 కింద, అంటే రిమాండులో గడిపిన కాలాన్ని బట్టి ఇచ్చే బెయిల్ మీద ఆశ పెట్టుకోకండి. ఇంట్లో దొంగతనానికి గరిష్ఠ శిక్ష ఏడేళ్లు. మొదటి కేసు కాబట్టి మూడో వంతు, అంటే రెండేళ్ల నాలుగు నెలలు గడవాలి. అయితే జిల్లా జడ్జి అధ్యక్షతన కూర్చునే అండర్ ట్రయల్ రివ్యూ కమిటీ చూడాల్సిన కేసుల జాబితాలో జబ్బుపడ్డవాళ్లూ, మానసిక జబ్బు ఉన్నవాళ్లూ ఉన్నారు. మీరు పీఎల్వీ (పారా లీగల్ వాలంటీర్) కాబట్టి లీగల్ సర్వీసెస్ అథారిటీ సెక్రటరీకి ఈ పేరు మీరే ఇవ్వొచ్చు. ఖర్చు లేని పని.


మాత్రల_లెక్క

వకీలు గారు చెప్పిందంతా సరే, కానీ ఏడు రోజులు, 48 గంటలు అనే లోపు ఇంకో సంగతి ఉంది. లిథియం వాడే మనిషికి వణుకు, విరేచనాలు, తూలడం మూడూ కలిసి వస్తే ముందు అనుమానించాల్సింది లిథియం విషమించడాన్ని. కోర్టు తేదీ కోసం ఆగకూడదు. రేపు పొద్దున్నే జైలు డాక్టరు చేతికి కాగితం వెళ్లాలి.

కారణం కూడా మీ పోస్టులోనే కనిపిస్తోంది. నడుం నొప్పికి జైళ్లలో మామూలుగా ఇచ్చేది డైక్లోఫెనాక్ లేదా ఐబూప్రొఫెన్. ఈ రెండూ కిడ్నీ లిథియంని బయటికి పంపే వేగం తగ్గిస్తాయి. విరేచనాలతో ఒంట్లో నీరు, ఉప్పు పోతే ఇంకా పెరుగుతుంది. అదే మోతాదు, అవే మూడు మాత్రలు, కానీ రక్తంలో స్థాయి పైకి పోతుంది. మామూలుగా 0.6 నుంచి 1.0 మధ్య ఉంచుతారు. 1.5 దాటితే విషలక్షణాలు వస్తాయి. ఎక్కువకాలంగా వాడుతున్నవాళ్లకి అంతకన్నా తక్కువలోనూ రావచ్చు. మాట ముద్దగా రావడం, మగతగా ఉండడం కనిపిస్తే అది అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిన ఎమర్జెన్సీ.

మామూలు పరీక్షకైతే రక్తం చివరి మోతాదు తర్వాత 12 గంటలకి తీయాలి. రాత్రి ఎనిమిదికి మాత్ర వేస్తే పొద్దున ఎనిమిదికి, పొద్దుటి మాత్ర వేసుకోకముందు. జైల్లో ఇది తరచు తప్పుతుంది: పొద్దున మాత్ర వేసేసి పదింటికి రక్తం తీస్తారు, అంకె పెద్దదిగా వస్తుంది, 'ఎక్కువైంది' అని మందే ఆపేస్తారు. పదిహేను రోజుల్లో మేనియా (బైపోలార్‌లో వచ్చే ఉద్రేకపు దశ) తిరగబెడుతుంది. కాబట్టి రిపోర్టులో అంకె ఒక్కటే కాకుండా మాత్ర వేసిన టైము, రక్తం తీసిన టైము కూడా ఉండాలని అడగండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: విషలక్షణాలు ఉన్నప్పుడు 12 గంటల లెక్క కోసం ఎదురుచూడరు, వెంటనే తీస్తారు. క్రియాటినిన్, సోడియం, పొటాషియం కూడా అప్పుడే చూడాలి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) ఆరు నెలలుగా చేయకపోతే అది కూడా కలిపేయమనండి.

భార్యకి చెప్పండి, ములాఖత్‌లో 'మాత్రలు మానేయ్' అనకూడదు. ఆపాలో తగ్గించాలో డాక్టరు తేల్చాలి. లిథియం ఉన్నపళంగా ఆగితే జబ్బు తిరగబెట్టడమే కాదు, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు కూడా పెరుగుతాయి. ఆ మొదటి మూడు వారాలు గడవడం అదృష్టమే.

రేపు జైలు డాక్టరుకి ఇవ్వాల్సిన చీటీలో ఏం రాయాలంటే:

'గౌరవనీయ సూపరింటెండెంట్ గారికి, వైద్యాధికారి గారికి. ఫలానా యూటీ (అండర్ ట్రయల్) నంబరు ఖైదీ ఆరేళ్లుగా లిథియం 900 మి.గ్రా., ఒలాంజపిన్ 10 మి.గ్రా. వాడుతున్నాడు, చీటీల నకళ్లు జతపరిచాను. ఫలానా తేదీల ములాఖత్‌లలో వణుకు, విరేచనాలు, తూలడం గమనించాను. ఇవి లిథియం విషలక్షణాలు కావచ్చు. నొప్పి మాత్రలు కూడా ఇస్తున్నారని తెలిసింది. ఈ రోజే రక్తపరీక్ష, అవసరమైతే ఆస్పత్రికి తరలింపు కోరుతున్నాను.'

ఇంతే చాలు, అర పేజీ. కన్నడలోనో ఇంగ్లిషులోనో రాయించండి, తెలుగులో ఇస్తే అనువాదం పేరుతో రెండు రోజులు పోతాయి. బయటి నుంచి మందులు ఇవ్వాలనుకుంటే విడి మాత్రలు తీసుకెళ్లకండి, గేటు దగ్గరే ఆపేస్తారు. సీలున్న స్ట్రిప్పు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ కనిపించాలి, పక్కన ఒరిజినల్ చీటీ ఉండాలి. జైలు డాక్టరు ఒప్పుకుంటేనే లోపలికి పోతుంది.


విధానసౌధ_ఎదురుగా

ఇంత తీవ్రంగా ఉంటే మేజిస్ట్రేటు కోర్టు చుట్టూ ఎందుకు తిరగడం? రాజ్యాంగం 226వ అధికరణం కింద నేరుగా హైకోర్టులో రిట్ వేయొచ్చు. ఖైదీ ఆరోగ్యం 21వ అధికరణంలో (జీవించే హక్కులో) భాగమని తేలి దశాబ్దాలైంది. బెంగళూరు సెంట్రల్ జైలు నుంచే రామమూర్తి అనే ఖైదీ సుప్రీంకోర్టుకి రాసిన ఉత్తరం మీద వచ్చిన తీర్పులో, జైళ్లను పీడిస్తున్న తొమ్మిది సమస్యల్లో ఆరోగ్యాన్ని నిర్లక్ష్యం చేయడం ఒకటని కోర్టు లెక్కపెట్టింది. వరవరరావు కేసు మన తెలుగువాళ్లందరికీ తెలిసిందే. యూఏపీఏ లాంటి ఉగ్రవాద నిరోధక చట్టం కింద కూడా 2021 ఫిబ్రవరిలో బొంబాయి హైకోర్టు వైద్య కారణాల మీద ఆరు నెలల బెయిల్ ఇచ్చింది. 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు గడువు లేకుండా చేసింది. దొంగతనం కేసు దాని ముందు ఎంత?


సివిల్‌కోర్టు_రెండో_అంతస్తు

సార్, రామమూర్తి ఉత్తరం 1984ది, తీర్పు 1996 డిసెంబరుది. ఈయనకి పన్నెండేళ్ల ఓపిక లేదు.

వరవరరావు కేసు నుంచి నేర్చుకోవాల్సింది వేరే ఉంది. బెయిల్ రాకముందు, 2020 నవంబరులో, హైకోర్టు ఆయన్ని తలోజా జైలు నుంచి నానావతి ఆస్పత్రికి మార్పించింది. ఆ తర్వాత కోర్టు ముందు జైలు మాట ఒక్కటే లేదు, ఆస్పత్రి రాసిన కాగితాలూ ఉన్నాయి. ముందు బయటి ఆస్పత్రి కాగితం, తర్వాత బెయిల్. నేను చెబుతున్న వరస కూడా అదే.

రిట్ వద్దని కాదు. చీటీ ఇచ్చి, కింది కోర్టులో అప్లికేషన్ వేసి, అయినా కదలకపోతే హైకోర్టుకి వెళ్లండి. అప్పుడు మీ చేతిలో తేదీలు ఉంటాయి. ఏ కాగితమూ లేకుండా వెళ్తే 'ముందు కింది కోర్టుకి వెళ్లారా?' అన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. ప్రాణం మీదికి వస్తే మాత్రం ఈ వరస పక్కన పెట్టి ఆ రోజే హైకోర్టులో అర్జెంట్ మెన్షన్ చేయండి.

నష్టపరిహారం మొదటి రిట్‌లో కలపొద్దు. కస్టడీ మరణం మీద సుప్రీంకోర్టు ఇచ్చిన నీలబతి బెహెరా తీర్పు (1993) తర్వాత రిట్‌లోనే పరిహారం ఇవ్వొచ్చు, కానీ వాస్తవాల మీద గొడవ ఉంటే సివిల్ దావా వేసుకోమంటారు. పరిహారం ఆశ పెట్టుకుంటే వైద్యం ఆర్డరు కూడా దానితోపాటే వాయిదాల్లో పడుతుంది.


విధానసౌధ_ఎదురుగా

పరిహారం గురించి ఒప్పుకుంటా. వ్యవస్థ మీద పిల్ (ప్రజాప్రయోజన వ్యాజ్యం) వేసేవాళ్లకి మాత్రం ఇక్కడ మంచి సరుకు ఉంది. నిమ్హాన్స్ వాళ్లు పరప్పన అగ్రహారలో (బెంగళూరు సెంట్రల్ జైలులో) 5,024 మంది ఖైదీలను పరీక్షించి ఇచ్చిన అధ్యయనంలో, మత్తు అలవాట్లను పక్కన పెట్టినా 27.6 శాతం మందికి ఏదో ఒక మానసిక జబ్బు ఉందని తేలింది. నలుగురిలో ఒకరికన్నా ఎక్కువ. ఒక్క ఖైదీ కోసం వేసే పిటిషన్‌లో దీన్ని పేజీలకొద్దీ దించకండి, ఒక పేరా చాలు. జడ్జికి కావాల్సింది మీ మనిషి రక్తపరీక్ష.

చెన్నై వైపు ఇంకొకటి. తమిళనాడులో కండరాల క్షీణత జబ్బున్న ఒక ఖైదీకి జైల్లో తగిన సౌకర్యాలు ఇవ్వలేదని రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ లక్ష రూపాయలు ఇప్పిస్తే, మద్రాసు హైకోర్టు దాన్ని 5 లక్షలు చేసింది. 2025 జులైలో సుప్రీంకోర్టు ఆ మొత్తాన్ని పెంచలేదు గానీ, వైకల్యం ఉన్న ఖైదీల విషయంలో జైళ్లు ఏం చేయాలో వివరంగా ఆదేశాలిచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం షెడ్యూల్లో మానసిక జబ్బు కూడా ఉంది కాబట్టి ఆ తీర్పుని ఇక్కడా పట్టుకోవచ్చు.


పది_రూపాయల_పోస్టల్‌ఆర్డర్

అందరూ కోర్టు దగ్గరే ఆగిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టాన్ని ఎవరూ ఎత్తలేదే!

సెక్షన్ 103 మొత్తం ఖైదీల గురించే. జైల్లో మానసిక జబ్బు ఉన్న ఖైదీలు లేరని వైద్యాధికారి ప్రతి మూడు నెలలకీ మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకి రాసి పంపాలి. ఉన్నారని తెలిస్తే, ఎందుకు చికిత్సకి పంపలేదని బోర్డు జైలుకొచ్చి అడగొచ్చు. జైలు వైద్య విభాగంలో సైకియాట్రీ వార్డు ఉంటే అక్కడికి, లేకపోతే బోర్డు అనుమతితో బయటి మానసిక వైద్య సంస్థకి మార్చొచ్చు. ఈ నాలుగు నెలల్లో వెళ్లిన త్రైమాసిక రిపోర్టు నకలు అడగండి. 'ఎవరూ లేరు' అని అందులో రాసి ఉండి, కోర్టుకేమో 'చికిత్స అందుతోంది' అని చెప్పి ఉంటే, ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే చాలు.

2018 నిబంధనల్లో జైలులో మానసిక వైద్యానికి కనీస ప్రమాణాలు కూడా ఇచ్చారు. లోపలికి వచ్చేటప్పుడే ప్రతి ఖైదీకి శరీర పరీక్షతోపాటు మానసిక స్థితి పరీక్ష కూడా చేయాలి. మూడు వారాలు మందు పడలేదంటే ఆ పరీక్ష జరగలేదనుకోవాలి, లేదా జరిగీ పట్టించుకోలేదు.

తర్వాతి ములాఖత్‌లో చేయాల్సిన పని ఒకటుంది. సెక్షన్ 14 ప్రకారం తెల్లకాగితం మీద 'నా భార్యను నామినేటెడ్ ప్రతినిధిగా నియమించుకుంటున్నాను' అని రాసి అతను సంతకం గానీ వేలిముద్ర గానీ పెడితే చాలు, స్టాంపు పేపరు అక్కర్లేదు. ఆమె ఒప్పుకుంటున్నట్టు రాతపూర్వకంగా డాక్టరుకి ఇవ్వాలి. ఆ తర్వాత చికిత్స వివరాలు అడిగే హక్కు ఆమెకి ఉంటుంది, 'మీరెవరు?' అనే మాట ఆగుతుంది. బోర్డుకి అర్జీ కూడా ఆమే పెట్టుకోవచ్చు, ఫీజు లేదు. కాకపోతే బోర్డు తేల్చడానికి 90 రోజుల దాకా పట్టొచ్చు, అందుకే దాన్ని కోర్టుకి బదులుగా కాక, కోర్టుతోపాటు వాడండి.

ఆర్టీఐ సంగతి. కాగితం పైనే 'సెక్షన్ 7(1), ప్రాణానికీ స్వేచ్ఛకీ సంబంధించినది, 48 గంటల్లో జవాబు ఇవ్వాలి' అని రాయండి. వైద్య రికార్డు వ్యక్తిగత సమాచారం అని తిప్పికొడతారు కాబట్టి ఖైదీ పేరు మీదే, అతని సంతకంతో వేయండి. 48 గంటల్లో వస్తుందని కూర్చోకండి, సాధారణంగా రాదు. అయినా జవాబివ్వని ఆర్టీఐ కూడా రిట్‌లో ఒక అనెక్సర్ (జతపరిచే కాగితం) అవుతుంది. పోస్టులో పంపేవి స్పీడ్ పోస్టులో పంపి, ట్రాకింగ్ పేజీని ప్రింటు తీసి పెట్టుకోండి. కొన్నాళ్లకి ఆ పేజీ తెరుచుకోదు.

మానవ హక్కుల కమిషన్‌కి ఫిర్యాదు వేస్తే రాష్ట్రానికో జాతీయానికో ఒక్కదానికే వేయండి. రాష్ట్ర కమిషన్ దగ్గర ఉన్నదాన్ని జాతీయ కమిషన్ తీసుకోదు. ఘటన జరిగి ఏడాది దాటినా తీసుకోరు.


బనశంకరి_పీఎల్వీ

అందరికీ దండాలు. ఇంకో రెండు అనుమానాలు. ఒకటి, అతనికి కన్నడ రాదు. డాక్టరు అడిగితే 'బాగానే ఉన్నా సార్' అని ఒక్క ముక్క చెప్పి వచ్చేస్తున్నాడట. రెండు, 'మతిస్థిమితం లేదని వేస్తే కేసే పోతుంది' అని ఎవరో భార్యకి చెప్పారు. నిజమేనా?


మాత్రల_లెక్క

మొదటిదానికి. మేనియా కన్నా ముందు కనిపించే నిద్ర తగ్గడం, చిరాకు, ఆలోచనలు పరిగెత్తడం, ఇవన్నీ మాటల్లోనే బయటపడాలి. తెలుగులో అడగకపోతే పరీక్ష జరిగినట్టు కాదు. అప్లికేషన్‌లో 'తెలుగు తెలిసిన వైద్యుడి ద్వారా గానీ, దుబాసీ సమక్షంలో గానీ' అనే మాట చేర్చండి. నిమ్హాన్స్‌లో తెలుగువాళ్లకి కొదవ ఉండదు. తోటి ఖైదీని దుబాసీగా పెట్టనివ్వకండి, బ్యారక్‌లో పరువు పోతుందని మనిషి నోరు విప్పడు.


సివిల్‌కోర్టు_రెండో_అంతస్తు

రెండోదానికి. ఆ సలహా ఇచ్చినవాళ్ల మాట వినకండి. లోపల జబ్బుకి వైద్యం కావాలనడం వేరు, విచారణ ఎదుర్కొనే స్థితిలో లేడనడం వేరు. రెండోది బీఎన్ఎస్ఎస్ 368. అది రుజువైతే కేసు పోదు, విచారణ ఆగుతుంది. 369 కింద బయట చికిత్స చేయించుకుంటానన్న హామీ మీద విడుదల చేసే వీలుంది, కానీ చూసుకునే మనిషి, జామీను కుదరకపోతే సంస్థలోనే ఉంచుతారు. కేసు వాయిదా పడి, కస్టడీ సాగుతుంది. మందు వేసుకుంటే మామూలుగా ఉండే మనిషి విషయంలో అటు పోవడం కోరి తెచ్చుకునే తద్దినం. అప్లికేషన్‌లో 'మతిస్థిమితం లేదు' అనే మాటే వాడకండి. 'బైపోలార్ జబ్బుకి చికిత్సలో ఉన్నాడు, చికిత్స అందితే విచారణలో పాల్గొనగలడు' అని రాయండి.

ఇంకొకటి. ఛార్జిషీటు పడ్డాక వాయిదాలు వీడియోలోనే అయిపోతుంటే స్క్రీన్ మీద అర నిమిషం ముఖం కనిపిస్తుంది, వణుకు కనిపించదు. తర్వాతి వాయిదాకి ప్రత్యక్షంగా హాజరుపరచాలని ఇప్పుడే మెమో వేయండి. ఆ రోజు లీగల్ ఎయిడ్ వకీలు పక్కనే నిలబడి, అతని చేతులు చాపించి జడ్జికి చూపించి, చూసింది ఆర్డరు షీట్‌లో రాయమని అడగాలి. వకాలత్ మీద అతని సంతకం జైలు సూపరింటెండెంట్ అటెస్ట్ చేసి రావాలి, దానికే మూడు నాలుగు రోజులు పోతాయి కాబట్టి రేపు చీటీతోపాటు అదీ పంపండి.


బనశంకరి_పీఎల్వీ

చీటీ కన్నడలో రాయించాం, రెండు కాపీలు. పొద్దున తొమ్మిదికి భార్యతో గేటు దగ్గర ఉంటాం. సీలు పడ్డాక, రక్తం తీశారో లేదో తెలిశాక ఇక్కడే రాస్తా.